పెదనాన్న బీపీ, నల్ల ట్రంకు పెట్టె

చిన్నప్పుడు మా పెదనాన్న ట్రంకు పెట్టె ముట్టుకుంటే వీపు విమానం మోత మోగేది. నల్ల రంగు పెట్టె. మూత మీద తెల్ల పెయింటుతో ఆర్మీ నంబరు, కింద ర్యాంకు, దాని కింద పేరు, చివర్లో చీరాల రైల్వే స్టేషన్ పేరు. ఆ పెట్టెలో తుపాకీ ఉంటుందని మేం పిల్లలం గట్టిగా నమ్మేవాళ్లం. పోయినేడు ఫిబ్రవరిలో, ఇరవై తొమ్మిదేళ్ల వయసులో, ఆ పెట్టెని నా చేతులతో నేనే తెరిచాను. తుపాకీ లేదు. ఒక ఉన్ని మఫ్లరు, రెండు మెడల్స్, మిర్చి యార్డు చిట్టీలు, పాత పాసుపుస్తకం, రబ్బరు బ్యాండు వేసిన కాగితాల కట్ట. ఈ వారం కబుర్లన్నీ ఆ కట్టలోంచే.

ముందు పెట్టె ఎందుకు తెరిచామో చెప్పాలి. రెండు వారాలు వర్క్ ఫ్రమ్ హోమ్ పెట్టుకుని ఊరొచ్చాను. పర్చూరు దగ్గర పల్లె మాది. మిరప కోతలు నడుస్తున్నాయి, కల్లంలో ఎటు చూసినా ఎరుపే, మీటింగ్‌లో మ్యూట్ తీస్తే చాలు తుమ్ము. కోడలికి కంప్యూటరు తెలుసు కదా అని వీధిలో సగం మంది ఆధార్ కార్డులు పట్టుకుని వస్తారు, ఇది మామూలే. ఈసారి మా పెద్దమ్మ వంతు. పెదనాన్న పింఛను ఇప్పుడు స్పర్శ్ అనే పోర్టల్లోకి మారింది. మాజీ సైనికుల పింఛన్లన్నీ ప్రయాగ్‌రాజ్ నుంచి నేరుగా నడిపే వ్యవస్థ అది. అందులో పెదనాన్న ఇంటిపేరు ముందుందో వెనకుందో దానికీ ఆధార్‌కీ కుదరడం లేదు. తెలుగువాళ్ల ఇంటిపేరుతో ఏ సాఫ్ట్‌వేర్‌కైనా తిప్పలే, ఆ పాపంలో మా జాతికీ వాటా ఉంది.

ఊరి సంగతి ఇంకా తమాషా. పెదనాన్న 1966లో పుట్టినప్పుడు మా ఊరు గుంటూరు జిల్లా. 1985లో ఫౌజులో చేరేనాటికి ప్రకాశం జిల్లా. ఇప్పుడు బాపట్ల జిల్లా. మనిషి పుట్టిన ఇల్లు మారలేదు, కాగితాల్లో మాత్రం మూడు జిల్లాల వాడైపోయాడు. ఈ లెక్క తేల్చడానికి పాత పీపీఓ కావాల్సి వచ్చింది. అది పెట్టెలో ఉంది.

పీపీఓ కింద ఇంకో కాగితం దొరికింది. 2007లో పెదనాన్న హవల్దారుగా రిటైరైనప్పుడు రికార్డు ఆఫీసు నుంచి వచ్చిన ఉత్తరం. అందులో మూడు ముక్కలు. ఒకటి, మీకున్న జబ్బు ప్రైమరీ హైపర్‌టెన్షన్. అంటే బీపీ. రెండు, మెడికల్ బోర్డు లెక్క ప్రకారం అది 30 శాతం వైకల్యం, జీవితాంతం. మూడు, అది సైనిక సేవ వల్ల వచ్చిందీ కాదు, సేవ వల్ల ముదిరిందీ కాదు, కాబట్టి డిసెబిలిటీ పింఛను రాదు.

"ఇదేంటి పెదనాన్నా, 30 శాతం రాశారుగా?"

"రాశారు. రాదని కూడా రాశార్లే. చదువూ పూర్తిగా."

"మరి అప్పీలు?"

"ఎందుకే అమ్మాయ్. బీపీ ఎవరికి లేదు? మన సూరమ్మత్తకి లేదా? ఆమె ఏ బోర్డర్లో చేసింది?"

అక్కడితో ఆయన లేచి కల్లానికి వెళ్లిపోయాడు. తాలుకాయ ఏరే కూలీలకి టీ టైమైందట.

నిజం చెప్పాలంటే మొదట నాకూ ఆయన మాటే సబబనిపించింది. బీపీ నాకే వచ్చేలా ఉంది, నా మేనేజర్ పుణ్యమా అని. గుండుకి కాలు పోతే, మందుపాతరకి చెయ్యి పోతే అది సైన్యం వల్ల అని ఎవరికైనా తెలుస్తుంది. బీపీ, షుగరు, చెవుడు, ఫిట్స్, డిప్రెషన్ లాంటివి ఎవరి వల్ల వచ్చాయని రాస్తాం?

ఆ రాత్రి నిద్ర పట్టక ఫోన్లో వెతకడం మొదలెట్టాను. తెల్లారి నాలుగింటికి గానీ ఫోను కింద పెట్టలేదు. నేను అడుగుతున్న ప్రశ్నే తప్పని అప్పటికి అర్థమైంది.

మన దగ్గర రూలేంటో చూడండి. 2007 చివరి దాకా సైన్యం వదిలినవాళ్లకి వర్తించేవి 1982 నాటి ఎన్‌టైటిల్‌మెంట్ రూల్స్. వాటిలో ఐదో రూలు చెప్పేదేంటంటే, చేరేటప్పుడు డాక్టరు పరీక్ష చేసి ఏ జబ్బూ రాయకపోతే ఆ మనిషి ఒంటికీ మనసుకీ పూర్తి ఆరోగ్యంతో చేరినట్టే లెక్క. తర్వాత జబ్బు చేసి బయటికొస్తే ఆ చెడిపోవడం సేవ వల్లే అనుకోవాలి. తొమ్మిదో రూలు ఇంకో మెట్టు ఎక్కుతుంది. నిరూపించమని సైనికుణ్ని అడగకూడదు. సందేహం ఉంటే ఆ లాభం అతనికే ఇవ్వాలి. ఫీల్డులో పనిచేసినవాళ్లకైతే ఇంకాస్త ఉదారంగా ఇవ్వాలి.

నా భాషలో చెప్పాలంటే ఇది డిఫాల్ట్ వాల్యూ. వేరియబుల్ మొదటి నుంచీ 'ట్రూ' అని ఉంది. దాన్ని 'ఫాల్స్' చేయాలంటే బోర్డు కారణం రాయాలి. పెదనాన్న ఫైల్లో ఎవరో ఆ విలువ మార్చారు. లాగ్ మాత్రం లేదు. మా టీమ్‌లో ఎవరైనా ప్రొడక్షన్‌లో ఇలా చేస్తే సాయంత్రానికి మీటింగ్ పెడతారు. ఇక్కడ పద్దెనిమిదేళ్లుగా ఎవరూ అడగలేదు. అడగాల్సిన మనిషి మిరపకాయలు ఎండబెట్టుకుంటున్నాడు.

దీని మీద దేశమంతా చెప్పుకునే కేసు ధరమ్‌వీర్ సింగ్‌ది. 1985లో సిగ్నల్స్ కోర్‌లో సిపాయిగా చేరాడు. మా పెదనాన్న చేరిన ఏడాదే. తొమ్మిదేళ్లు కావస్తుండగా ఫిట్స్ వచ్చాయని 20 శాతం వైకల్యంతో ఇంటికి పంపేశారు. జబ్బు పుట్టుకతో వచ్చిన తత్వమనీ సేవతో సంబంధం లేదనీ బోర్డు తేల్చింది. 2013 జులైలో సుప్రీంకోర్టు అడిగింది చిన్న ప్రశ్నే. చేరేటప్పుడు మీ డాక్టర్లే చూశారు కదా, అప్పుడు ఈ జబ్బు గురించి ఒక్క ముక్కైనా రాశారా? రాయలేదు. మరి తర్వాత పుట్టుకతో వచ్చిందని ఎలా అన్నారో కారణమైనా రాశారా? అదీ లేదు. పింఛను ఇవ్వమంది. ఆ తీర్పు ఆధారంగా ఎంతమంది జవాన్లు ట్రిబ్యునళ్లలో గెలిచారో లెక్కపెట్టడం కష్టం.

మరుసటి ఉదయం నా మెదడులో ఇదంతా కుక్కుకుని పెదనాన్న దగ్గర కూర్చున్నాను. ఈసారి బీపీ గురించి అడగలేదు. ఎక్కడెక్కడ చేశావో వరసగా చెప్పు అన్నాను. అంతే, మనిషి మారిపోయాడు. 1994లో సియాచిన్ గ్లేసియర్. అక్కడ టూత్‌పేస్టు కూడా గడ్డకట్టేదట, టెంటులో కిరసనాయిలు పొయ్యి మసికి ఉమ్మితే నల్లగా పడేదట. 1999లో కార్గిల్ యుద్ధం టైముకి ద్రాస్. 2001 డిసెంబరులో పార్లమెంటు మీద దాడి జరిగాక ఆపరేషన్ పరాక్రమ్. యుద్ధం ఇవాళా రేపా అన్నట్టు సైన్యం మొత్తాన్ని సరిహద్దుకి తరలించి 2002 అక్టోబరు దాకా అక్కడే నిలబెట్టారు. పెదనాన్న రాజస్థాన్ ఇసకలో పది నెలలు. మందుపాతరలు పాతడం, మళ్లీ తియ్యడం.

"భయమేసేదా?"

"పాతేటప్పుడు కాదు. తీసేటప్పుడు."

ఆ తర్వాత పీస్ స్టేషన్‌కి పోస్టింగు. అంటే ఫ్యామిలీ క్వార్టర్లూ స్కూళ్లూ ఉండే మామూలు కంటోన్మెంటు. 2003లో అక్కడ వార్షిక మెడికల్లో బీపీ బయటపడింది. అప్పటిదాకా ఫస్ట్ కేటగిరీలో ఉన్న మనిషిని కింది కేటగిరీలో వేశారు.

పూర్తి బోర్డు కాగితాలు కావాలని సమాచార హక్కు కింద పది రూపాయలు కట్టి అర్జీ పెట్టాం. ఏప్రిల్లో కవరు వచ్చింది. విప్పి చూస్తే ఒక కాలమ్‌లో ప్రశ్న ఉంది: ఈ వైకల్యం సేవలో చేరకముందే ఉందా? ఎదురుగా 'లేదు' అని రాసి ఉంది. ఇంకో కాలమ్: ఇది అతని నిర్లక్ష్యం వల్లా, చెడు అలవాట్ల వల్లా వచ్చిందా? 'కాదు'. చేరకముందు లేదు, తన తప్పు కాదు. మరి ఎక్కణ్నుంచి వచ్చినట్టు? చివర్లో సేవకి సంబంధం లేదనడానికి రాసిన కారణం ఒక్క వాక్యం: పీస్ స్టేషన్‌లో మొదలైంది.

ఆ వాక్యం చూశాక నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. బీపీ అనేది తేలు కుట్టినట్టు ఫలానా రోజు, ఫలానా చోట వచ్చేదా? దొరికిన చోటే పుట్టిందనుకుంటే, బగ్‌ని టెస్టర్ కనిపెట్టాడు కాబట్టి టెస్టరే పెట్టాడన్నట్టు ఉంది.

ఈ 'పీస్ స్టేషన్' వాదన పెదనాన్న ఒక్కడికే చెప్పింది కాదు. బీపీ, షుగరు కేసుల్లో ఇది దాదాపు అచ్చు వేసిన జవాబు. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు ఒక మాజీ సుబేదారు షుగరు కేసులో ఈ వాదనని ఒప్పుకోలేదు. పీస్ స్టేషన్‌లో బయటపడిందన్నంత మాత్రాన చాలదు, సేవ కాకపోతే ఇంకేది కారణమో బోర్డే చూపించాలంది. అదే ఏడాది జులైలో ఇలాంటి పింఛన్ల మీద కేంద్ర ప్రభుత్వం వేసిన సుమారు 300 పిటిషన్లని అదే కోర్టు ఒకేసారి కొట్టేసింది. మూడు వందలు. ఒక్కో పిటిషన్ వెనక ట్రిబ్యునల్లో ఒకసారి గెలిచి, మళ్లీ హైకోర్టు దాకా లాక్కెళ్లబడిన మనిషి ఉన్నాడు. మా పెదనాన్న వయసువాళ్లు, అంతకంటే పెద్దవాళ్లు.

ఇదంతా ఏకపక్షమనుకోకండి. సుప్రీంకోర్టే 2019లో నర్సింగ్ యాదవ్ కేసులో వేరేగా తీర్పు చెప్పింది. నాలుగేళ్ల సర్వీసులో స్కిజోఫ్రీనియా బయటపడిన సైనికుడతను. కొన్ని మానసిక జబ్బులు చేరేనాడు ఏ డాక్టరుకీ దొరకవు, కాబట్టి రాయలేదన్న ఒక్క కారణంతో సేవ వల్లే అనలేం, బోర్డు అభిప్రాయానికి విలువ ఉందంది. చదివితే ఆ వాదనలోనూ పస ఉంది. ఇంకోవైపు, డిసెబిలిటీ పింఛను తీసుకునేవాళ్ల శాతం జవాన్లలో కంటే ఆఫీసర్లలో బాగా ఎక్కువని కాగ్ తన ఆడిట్‌లో ఎత్తిచూపింది. ఎండలో, మంచులో ముందు నిలబడేది ఎవరో తెలిసిందే కదా, మరి కాగితాలు ఎవరికి బాగా కుదురుతున్నాయి? రూల్స్ తెలిసినవాళ్లకి. 2023 సెప్టెంబరులో కొత్త రూల్స్ వచ్చాయి, ఆ తర్వాత రిటైరైనవాళ్లకి అవి వర్తిస్తాయి. బీపీ, షుగరు విషయంలో అవి మునుపటి కంటే బిగువు. దుర్వినియోగం ఆపాలన్నది ప్రభుత్వం మాట. సరే, ఆపండి. కానీ ఆ బిగువు ముందు ఎవరి మెడకి చుట్టుకుంటుందో కాగ్ లెక్క చూస్తే తెలుస్తూనే ఉంది.

మా ప్రాజెక్టులో అమెరికా వైపు ఒక టెస్ట్ లీడ్ ఉన్నాడు. మాజీ సైనికుడు. ఇరాక్‌లో చేసొచ్చాడు. ఒకరోజు కాల్ అయ్యాక పెదనాన్న సంగతి చెబితే, మా దగ్గరా ఇదే గోల అన్నాడు. వియత్నాంలో అడవుల మీద చల్లిన ఏజెంట్ ఆరెంజ్ అనే కలుపుమందు వల్ల జబ్బులొచ్చినవాళ్లు ఏళ్ల తరబడి కొట్లాడితే 1991లో చట్టం వచ్చింది. అక్కడ సేవ చేసి, జాబితాలో ఉన్న జబ్బు వస్తే చాలు, నిరూపించనక్కర్లేదు. ఇరాక్, అఫ్ఘనిస్తాన్‌లో చెత్త తగలబెట్టిన గుంటల పొగ పీల్చినవాళ్లకి అలాంటి జాబితా 2022లో ప్యాక్ట్ చట్టంతో గానీ రాలేదు. తనకి ఊపిరితిత్తుల సమస్య ఉందని అతను చెప్పడం అదే మొదటిసారి. రెండేళ్లుగా రోజూ మాట్లాడుకుంటున్నాం, నేనెప్పుడూ అడగలేదు.

కలుపుమందు అనగానే మా ఊళ్లో ఎవరికైనా గుర్తొచ్చేది వేరే. పెదనాన్న మొండికేసింది కూడా అక్కడే.

"నాకు ఇస్తారు సరే. మీ నాన్నకి ఎవరిస్తారు?"

1997-98లో పత్తి పురుగు మందులకి లొంగక, అప్పులు తీర్చే దారి లేక వరంగల్‌లోనూ మన గుంటూరు వైపూ రైతులు ఆ మందే తాగి చనిపోయిన రోజులవి. పెదనాన్న కాశ్మీరులో ఉంటే, ఊళ్లో ఉన్న కాస్త పొలం మా నాన్న చేసేవాడు. మాస్కు లేదు, గ్లౌజులు లేవు, చొక్కా విప్పి వీపుకి పంపు కట్టుకుని మోనోక్రోటోఫాస్ కొట్టడమే. గాలికి ఎదురెళితే కళ్లు తిరిగి చేల్లోనే పడిపోయిన రోజులున్నాయట. ఇవాళ మా నాన్నకి చేతులు వణుకుతాయి. ఎందుకో ఏ డాక్టరూ గట్టిగా చెప్పలేడు. ఆయన ఒంట్లో ఏముందో చేలోకి దిగేముందు ఏ బోర్డూ రాయలేదు, చేలోంచి వచ్చాకా రాయలేదు. సందేహ లాభం మా నాన్నకి ఇమ్మని ఏ రూల్లోనూ లేదు.

దీనికి నా దగ్గర జవాబు లేకపోయింది. ఇప్పటికీ లేదు. పక్కనే పత్తి గింజలు ఒలుస్తున్న మా నాన్న మాత్రం అందుకున్నాడు.

"అన్నయ్యా, నాకు రాలేదని నీది వదిలేస్తే నాకేమన్నా వస్తదా? పిల్ల రాత్రంతా మేలుకుని చదివింది. సంతకం పెట్టు."

మా ఇంట్లో పెదనాన్నకి ఎదురు చెప్పడం నాన్న జీవితంలో అదే మొదటిసారేమో. పెద్దమ్మ వంటింట్లోంచి తొంగి చూసింది.

డబ్బు సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే మీలో చాలామంది ఇళ్లల్లో ఇలాంటి పెట్టె ఉండే ఉంటుంది. గిద్దలూరు, కంభం వైపైతే చెప్పనే అక్కర్లేదు, ఫౌజు లేని ఇంటిని వెతుక్కోవాలి. మామూలు పింఛను చివరి జీతంలో సగం. వైకల్యం నూరు శాతమైతే దాని మీద చివరి జీతంలో 30 శాతం అదనం. వైకల్యం తగ్గితే ఆ నిష్పత్తిలో ఇది తగ్గుతుంది, కనీసం 20 శాతం వైకల్యం ఉండాలి. ఇక్కడ ఇంకో మెలిక ఉంది. 50 లోపుంటే 50గా, 50 నుంచి 75 దాకా 75గా, ఆపైన 100గా పైకి సర్దుతారు. ఒకప్పుడు ఈ సర్దుబాటు జబ్బు చేసి మధ్యలో పంపేసినవాళ్లకే అనేవారు. 2014 డిసెంబరులో రామ్ అవతార్ కేసులో సుప్రీంకోర్టు పూర్తి కాలం చేసి రిటైరైనవాళ్లకీ ఇవ్వాల్సిందేనంది. అంటే పెదనాన్న 30 శాతం 50 అవుతుంది. 30లో సగం 15. చివరి జీతంలో నూటికి పదిహేను, బతికినంత కాలం. కరువు భత్యం దానికీ కలుస్తుంది. మిర్చి ధర పడిపోయిన ఏడాది ఇంట్లో అది ఎంత పెద్ద మొత్తమో మా ప్రాంతం వాళ్లకి వేరే చెప్పాలా?

ఆలస్యమైందని భయపడక్కర్లేదు, కానీ దాని ఖరీదు ఉంది. తర్సేమ్ సింగ్ అనే జవాను 1983లో బయటికొచ్చి పదహారేళ్ల తర్వాత కోర్టుకెళ్లాడు. పింఛను నెలనెలా ఆగుతున్న అన్యాయం కాబట్టి ఆలస్యమైనా వినొచ్చు అంటూనే, బకాయిలు మాత్రం కేసు వేసిన రోజు నుంచి వెనక్కి మూడేళ్లకే అని సుప్రీంకోర్టు 2008లో తేల్చింది. ఆ లెక్కన పెదనాన్న 'ఎందుకులే' అనుకున్న ఏళ్లలో చాలా భాగం పోయినట్టే. ఈ ముక్క చెబితే ఆయన ఏమీ అనలేదు. బీడీ మానేసి పదేళ్లయిన మనిషి జేబు తడుముకున్నాడు.

మేం ముందు ఆలస్యానికి కారణం రాసి అప్పీలు పంపాం. ఆరు నెలలు చూసినా జవాబు రాకపోతే సాయుధ దళాల ట్రిబ్యునల్‌కి వెళ్లొచ్చు. 2007 చట్టంతో ఏర్పడి 2009లో పని మొదలెట్టిన కోర్టు అది. ఆంధ్రప్రదేశ్ కేసులు చెన్నై బెంచి కిందికొస్తాయి. ఆరు నెలలూ గడిచాయి, జవాబు రాలేదు. పోయిన నవంబరులో నేనూ పెదనాన్నా చీరాలలో పినాకిని ఎక్కాం. దారి పొడుగునా ఆయన హుషారే హుషారు. ప్రతి స్టేషన్‌కీ ఒక కథ. సెలవు మీద ఇంటికొస్తుంటే ఎక్కడ ఇడ్లీ బావుండేదో, ఎక్కడ పెట్టె పోయినంత పనైందో. ట్రిబ్యునల్ గురించి ఒక్క మాట లేదు.

మా మేనత్త కొడుకు సంగతి కూడా చెప్పాలి. పంతొమ్మిదేళ్లు. తెల్లవారుజామున కాలవగట్టు మీద 1600 మీటర్లు పరిగెత్తి, చెమట్లు కారుతూ వచ్చి స్టాప్‌వాచ్ స్క్రీన్‌షాట్ స్టేటస్ పెడతాడు. అగ్నివీర్ కావాలి వాడికి. నాలుగేళ్ల ఉద్యోగం, తర్వాత పింఛను లేదు. సేవ వల్ల వైకల్యం వస్తే ఒకేసారి డబ్బు: నూరు శాతానికి 44 లక్షలు, 75కి 25 లక్షలు, 50కి 15 లక్షలు. ఇక్కడ కూడా అసలు ప్రశ్న అదే, 'సేవ వల్ల' అని రాసేదెవరు? 2022 చివర, 2023 మొదట్లో చేరిన మొదటి బ్యాచ్‌ల నాలుగేళ్లు 2026 చివర, 2027 మొదట్లో పూర్తవుతాయి. పెద్ద సంఖ్యలో పాతికేళ్లలోపు కుర్రాళ్లు బయటికొస్తారు. గుండు దెబ్బ తగిలినవాడి ఫైలు దానంతటదే నడుస్తుంది. పదేళ్లకి చెవి సరిగ్గా వినపడనివాడు, నిద్ర పట్టనివాడు ఏ కాగితం చూపిస్తాడు?

అందుకే వాడికి ఒకటే చెప్పాను. చేరిన రోజు మెడికల్ నుంచి, జ్వరం వచ్చి సిక్ రిపోర్టు చేసిన చీటీ దాకా, చేతికొచ్చిన ప్రతి కాగితం ఫోటో తీసి ఇంటికి పంపు. ఫోన్లు వాడనివ్వని చోటైతే ఒరిజినల్ దాచి, సెలవుకొచ్చినప్పుడు పట్టుకురా. వాడు "అక్కా, ముందు సెలక్ట్ అవనీ" అన్నాడు. అదీ నిజమే. అయినా 'మెడికల్' అని ఒక ఫోల్డరు వాడి ఫోన్లో అప్పుడే చేసిచ్చాను. ప్రస్తుతం అందులో వాడి బైసెప్స్ ఫోటోలున్నాయి.

చెన్నైలో మా లాయరు గారు ముసలాయన, ఫౌజు నుంచే వచ్చారు. కాగితాలన్నీ తిరగేసి, చేరకముందు లేదు అన్న కాలమ్ దగ్గర పెన్సిల్‌తో చిన్న టిక్కు పెట్టారు. పరాక్రమ్‌లో ఏ సెక్టారు, ఏ నెలలు అని హిందీలో అడిగారు. పెదనాన్న కుర్చీలో నిటారుగా కూర్చుని తారీకులతో సహా చెప్పాడు. ఇంట్లో నాకు నెలల లెక్కలో చెప్పిన మనిషి. ఆ తర్వాత ఇద్దరూ అరగంట సేపు అక్కడి ఇసక తుపాన్ల గురించే మాట్లాడుకున్నారు. నేను ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాను, ఆఫీసు మెసేజీలు పన్నెండు.

చివరికి వకాలత్ ముందుకు జరిపి సంతకం ఇక్కడ అన్నారు లాయరు గారు. పెదనాన్న కళ్లజోడు తుడుచుకుని, ముందు ఆర్మీ నంబరు రాశాడు. తర్వాత ర్యాంకు. తర్వాత పేరు. నంబరు అక్కర్లేదండీ, ఉత్త సంతకం చాలు అన్నాడు పక్కనున్న గుమాస్తా. పెదనాన్నకి వినపడినట్టు లేదు. రెండో ప్రతి మీదా అదే వరసలో రాశాడు.

ఇంకా వాయిదాలే నడుస్తున్నాయి. తీర్పు వచ్చిన వారం ఇక్కడే చెబుతాను.